నైదర్ నార్‌తో నా పెళ్ళిచూపులు

నా ఈడు పిల్లల్ని పెళ్ళిచూపుల్లో పాట పాడమనేవారు. నన్ను ఇంగ్లీషులో ఉత్తరం రాయమన్నారు. పెళ్ళికొడుకు బి.ఎ. ప్యాసై విజయనగరంలో గుమస్తాగా చేస్తున్నాడు. "అమ్మాయి ఫిఫ్త్ ఫారం చదువుతోందట కదా, మీ కుటుంబం గురించి పది వాక్యాలు రాసి పంపమనండి" అని మధ్యవర్తితో కబురు పెట్టాడు. రాజాంలో మాది ధాన్యం కొట్టు. నాన్నకి ఆ కొట్టు తప్ప మరో ధ్యాస ఉండేది కాదు, అయినా ఊళ్ళో ఎవరేమన్నా నన్ను హైస్కూలుకి పంపేవాడు. నాకా, ఆ రోజుల్లో పొగరు కాస్త ఎక్కువే. పది అడిగితే పన్నెండు రాసి పంపాను.

వారం తిరక్కుండా నా కాగితమే తిరిగొచ్చింది. నాలుగో వాక్యం మీద ఎర్రసిరా గీత. నేను రాసింది, "నైదర్ మై బ్రదర్స్ నార్ మై ఫాదర్ నోస్ ఇంగ్లీష్" అని. అంటే మా అన్నలకి గాని, నాన్నకి గాని ఇంగ్లీషు రాదని. ఆయనగారు "నోస్" కొట్టేసి "నో" అని దిద్ది, పక్కన తెలుగులో రాశాడు: "అన్నలిద్దరూ, తండ్రీ కలిపి ముగ్గురు. బహువచనం. ఈమాత్రం తెలియని పిల్లని ఇంకా చదివించడం దండగ. ముహూర్తం పెట్టించండి."

తెలుగు ముక్క నాన్న చదువుకున్నాడు. మొహం మాడిపోయింది.

"తప్పు రాసినావేటమ్మీ?"

"నేను కాదు నాన్నా, ఆయనే తప్పుగా దిద్దినాడు."

"బీఏ సదివినోడు తప్పూ, నువ్వు రైటూనా? మరింక సాల్లే. రేపట్నుంచి బడి మానీ."

ఆ మాటకి నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నైదర్ వెనకాల నార్ వచ్చినప్పుడు మనుషుల్ని కూడి లెక్కపెట్టకూడదు. క్రియకి దగ్గరగా ఎవరున్నారో చూడాలి, వాళ్ళని బట్టే క్రియ మారాలి. ఇక్కడ క్రియ పక్కనున్నది నాన్న ఒక్కడే, అందుకే ఏకవచనం, "నోస్". మన తెలుగులో ఈ గొడవే లేదు. ఇంగ్లీషు ఒకరికైనా రాదు, ముగ్గురికైనా రాదే. అందుకే బి.ఎ. గారికి అనుమానం రాలేదు, వేళ్ళు మడిచి లెక్కపెట్టేశాడు. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నాన్న చివరిదాకా విన్నాడు.

"అంటే ఇంగ్లీసోడికి పక్కనున్నోడే లెక్కేటి?"

"అంతే."

మర్నాడు పొద్దున్నే కాగితం మడిచి బొడ్లో దోపుకుని మా ఇంగ్లీషు మాస్టారింటికి బయల్దేరాడు. సూత్రం గురించి నాకు రవ్వంత బెంగ లేదు. బడి గురించే బెంగ. మాస్టారు ఇంట్లో లేకపోతేనో, నాన్న మనసు మార్చుకుని దారిలోంచే కొట్టుకి పోతేనో అనుకుంటూ వీధరుగు మీద నిలబడే ఉన్నాను.

నాన్న తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "నీదే రైటంట" అన్నాడు. అంతలోనే నావైపు కొరకొరా చూశాడు.

"ఇంతకీ నాకు ఇంగ్లీసు రాదని ఊరుకాని ఊరోడికి రాసినావేటే?"

"రాదు కదా నాన్నా."

"రాదు" అని ఒప్పుకున్నాడు. కాసేపటికి తనే నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది.

"కాయితం తే. ఈ సంబంధం మా నాన్నకీ ఇష్టం లేదు, నాకూ ఇష్టం లేదని ఇంగ్లీసులోనే రాయి."

"నైదర్ మై ఫాదర్ నార్ ఐ ఆమ్ విల్లింగ్" అని రాసి చదివి వినిపించాను. నాన్న కాగితం మీదకి వంగాడు.

"ఇందులో నేనెక్కడున్నాను?"

"ఇదిగో, ముందు."

"నువ్వో?"

"ఇక్కడ. ఆమ్ పక్కన."

"అయితే ఆ ఆమ్ ఎవుర్ని బట్టి వచ్చినాది?"

"నన్ను బట్టి."

"అలాగే ఉండాల" అన్నాడు నాన్న. "మడిసి అంటించు. సద్దన్నం తిని బడికెల్లు, వేళైపోతన్నాది."