మా మేడలో ఉప్పు చూసే మరియమ్మ

భేస్తాన్‌లో మా మేడ మీద అందరి వంటకూ ఉప్పు చూసేది మరియమ్మే. షబానా రంజాన్ ఉపవాసం, రోజా ఉంది. పక్కింటి మరాఠీ సునంద బౌద్ధురాలు, పౌర్ణమి నాడు మధ్యాహ్నం దాటితే ఏమీ తినదు. ఈ రోజు పౌర్ణమి. మరియమ్మ ఉపవాసాలు ఈస్టరుతోనే ముగిశాయి. నాకు బీపీ, తినేదంతా చప్పిడే, అందుకే నా నాలుక మీద ఎవరికీ నమ్మకం లేదు.

సాయంత్రం షబానా ఇఫ్తార్‌కు చేసిన పప్పు నోట్లో వేసుకుని, "ఉప్పెయ్యలేదా ఏంది?" అంది మరియమ్మ. షబానా ఇంకాస్త వేసింది.

"ఇంకా చప్పగనే ఉంది."

అనుమానం వచ్చి నేనూ వేరే చెంచాతో చూశాను. నోట పెట్టలేనంత ఉప్పు! రుచి తెలియకపోవడమంటే ఏమిటో ఈ కరోనా రోజుల్లో ఎవరికి తెలియదు? మరియమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని గబగబా ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

సునంద వెంటనే జావ కాచింది. షబానా ఆ గిన్నెను మరియమ్మ గుమ్మంలో పెట్టి దూరం జరిగింది. ఉప్పు చూడమని నన్నెవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

కాసేపటికి తలుపు వెనక నుంచి మరియమ్మ గొంతు: "ఉప్పు మంచిగ సరిపోయిందక్కా!"

ఆమెకు ఏ రుచీ తెలియడం లేదని తెలిసీ, బయట ముగ్గురం బుద్ధిగా తలూపాం.

మీరైతే ఏమనేవాళ్లు?