గాలి వస్తే మూడు

పెళ్ళయి అత్తిముగం వచ్చిన మొదటి చలికాలంలో మా గొర్రె ఒకటి రాళ్ళ మధ్య పడి కాలు విరగ్గొట్టుకుంది. కోయక తప్పలేదు. సగం మాంసం చుట్టాలకు పంచి, మిగతాది పొగకు పెడదామన్నారు మామగారు. మా పుట్టినూరు కల్లావిలో అయితే ఉప్పూ పసుపూ రాసి ఎండలో దండెం మీద వేసేవాళ్ళం. ఇక్కడ ఎండేది? పొద్దెక్కినా మంచు విడవదు, విడిస్తే చలిగాలి మొదలు.

మామగారు వయసులో ఉన్నప్పుడు బెంగళూరు దండులో తెల్లదొరల వంటవాళ్ళ దగ్గర పనిచేశారు. ఆ దొరలు పోయి అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు. పొగకు పెట్టడం అక్కడ నేర్చిందే. పెరట్లో నడుమెత్తు ఇనప డ్రమ్ము ఉండేది. అడుగున బొగ్గులు, పైన కమ్మీలకు మాంసం, ఆపైన మూత. కింద చుట్టూ నాలుగు కంతలు, ఒక్కోదానికి ఒక రేకు తలుపు.

ఆ ఉదయం బొగ్గు రాజేసి, జామకట్టె ముక్కలు వేసి, మాంసం వేలాడదీశారో లేదో, హోసూరులో ఆయన తమ్ముడికి జ్వరం ముదిరిందని కబురొచ్చింది. కంబళి భుజాన వేసుకుని బస్సుకు పోతూ పోతూ నాతో అన్నారు:

"మంట లేయకూడదమ్మా, వేడీ తగ్గకూడదు. గాలి వస్తే మూడు."

తల ఊపాను. ఆయన మలుపు తిరిగాక అనుమానం పట్టుకుంది. ఏ మూడు? తెలుగు మూడయితే నాలుగు కంతల్లో మూడు తెరవాలి. అరవంలో మూడు అంటే మూసెయ్యమని. ఆయన మాటమాటకూ అరవం కలిపే మనిషి. నాకు రెండూ వచ్చు, అదే చిక్కు.

గాలి రానే వచ్చింది. అత్తను అడిగాను.

"ఆయప్ప చెప్పేది నాకే ఇన్నేండ్లుగా అర్థం కాలేదు. మూసెయ్ మే, గాలికి ఆరిపోతుంది" అంది.

నాలుగూ మూశాను. కాసేపటికి చెయ్యి పెట్టి చూస్తే డ్రమ్ము చల్లబడుతోంది. గోడ అవతలి నుంచి కమ్మరింటి పెద్దమ్మ కేకేసింది. "గాలి లేకుంటే బొగ్గు యాడ కాలుతుందమ్మా? తెరువు!"

మూడు తెరిచాను. గాలి లోపలికి దూరి బొగ్గులు బుస్సుమన్నాయి. కొవ్వు కారి మంట లేచింది. "కాలిపోతా ఉంది!" అని అత్త పరుగున వచ్చి మూత ఎత్తింది. మంట ఇంకా పైకి లేచింది. మళ్ళీ అన్నీ మూశాను. మళ్ళీ చల్లబడింది.

ఎవరి మాట నిజమో తెలియలేదు. ఇద్దరి మాటా నిజమే అనిపించింది. చివరికి నులకమంచం నిలబెట్టి, దానికి గోనెసంచులు కట్టి గాలికి అడ్డం పెట్టాను. గాలి తగలని వైపు ఒక్క కంత తెరిచాను. వేడి నిలిచినట్టే ఉంది. అంతలో గాలి దిక్కు మార్చింది. మంచం ఇటు జరిపి, ఆ కంత మూసి, ఎదుటిది తెరిచాను. మళ్ళీ మార్చింది. మధ్యాహ్నమంతా ఆ మంచంతో డ్రమ్ము చుట్టూ తిరిగాను. చేసేది సరో తప్పో చెప్పేవాళ్ళు లేరు.

సాయంత్రం బస్సుకు మామగారు వచ్చారు. కాళ్ళు కూడా కడుక్కోకుండా డ్రమ్ము పక్కన గొంతుకూర్చుని చేతులు కాచుకున్నారు.

"పొద్దున చెప్పినారే, అది ఏ మూడు మామా?"

"మూడు అన్నానా?"

"అన్నారు."

"ఏంటికన్నానో తెలీలేదమ్మా" అన్నారు. తర్వాత, "వాడు నన్ను గుర్తుపట్టలేదు. 'ఎవరప్పా నువ్వు' అన్నాడు. నా తమ్ముడు!"

మూత తీసి మాంసం చూపించాను. ఒక పక్క నల్లగా మాడింది. మరో పక్క ఎర్రగా, మెత్తగా, చక్కగా పొగ పట్టింది. ఒకే డ్రమ్ములో అట్లా ఎందుకయిందో ఆయనా చెప్పలేకపోయారు. మెత్తటి ముక్క ఒకటి నమిలి, "ఇది బాగుంది" అన్నారు.

మర్నాడు ఆ మంచి ముక్కలు ఆకులో చుట్టుకుని మళ్ళీ హోసూరు పోయారు. చిన్నమామ పదిరోజుల్లో లేచి తిరిగాడు. అన్నను ఎవరప్పా అని అడిగిన సంగతి ఆయనకు ఎంత చెప్పినా జ్ఞాపకం రాలేదు. అనలేదనే వాదించాడు. అన్నాడని మామగారు. వాళ్ళిద్దరిలో ఎవరిని నమ్మాలో మాకు తెలియలేదు.