కిటికీ పక్క సీట్లో గాలం

2005 వేసవిలో తెనాలి దుకాణంలో గాలపు కర్ర, రీలు నేనే ఎంచుకున్నాను. ఆడపిల్లకు తేలికైనది చాలన్నారు దుకాణంవాళ్లు, నేను వినలేదు. మా కాలవలో కొరమీను గాలానికి తగిలిందంటే గుర్రపుడెక్క మొక్కల్లోకి దూరిపోతుంది. దాన్ని లాగాలంటే కర్ర కొన వంగాలి, మొదలు బిగువుగా ఉండాలి.

ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే, రేపల్లె ప్యాసింజరులో నాకు ఎదురుగా, కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన కర్ర అందుకుని కొన వంచి వదిలారు. రీలు చెవి దగ్గర పెట్టుకుని తిప్పారు.

"కొరమీనుకేగా? ఎవరు ఎంచారమ్మా?"

"నేనేనండి, బాబాయిగారూ."

వేమూరులో జనం తోసుకుంటూ ఎక్కగానే ఆయన లేచి, తన సీట్లో కర్రను నిలబెట్టారు.

"ఇక్కడెవరూ కూర్చోకండి, కొన విరుగుద్ది."

రేపల్లె దాకా ఆయన నిలబడే వచ్చారు. ఆ కర్రతో తర్వాత చాలా కొరమీనులే పట్టాను. అయినా దాన్ని చేతిలోకి తీసుకుంటే, అది కిటికీ పక్కన దర్జాగా ప్రయాణించిన ఆ సాయంత్రమే ముందు గుర్తొస్తుంది.