కోచ్ అంకుల్‌కి చెప్పవలసిన మాట

మొన్న ఆదివారం మా అమ్మాయి ఇంట్లో భోజనాలవుతుండగా మా అల్లుడూ, అతని తమ్ముడూ ఒక ఫుట్‌బాల్ కోచ్ గురించి తగువుపడ్డారు. ఎక్కడో దూరదేశంలో ఒక కాలేజీ జట్టుకు తరాల తరబడి ఆట నేర్పిన ముసలాయనట, ఎన్నో కప్పులు గెలిపించిన మహానుభావుడట, ఇప్పుడు జట్టు వరసగా ఓడిపోతున్నా చోటు వదలనంటున్నాడట. ఎప్పుడో దిగిపోవలసింది అని మా అల్లుడు, అంత చేసిన మనిషిని దిగమనడానికి ఎవరికి నోరొస్తుంది అని అతని తమ్ముడు. నేను పప్పు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అలాంటి మనిషికి అలాంటి మాట చెప్పే పని ఒకప్పుడు నా నెత్తిన పడిందని వాళ్లకు తెలియదు. ఆ సంగతి ఇంతవరకూ ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పనేలేదు.

నా ఈడువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోయి తలకిందులవుతాయని లోకమంతా బెంగపడుతుంటే, ఆ బెంగ పుణ్యమా అని మన పిల్లలందరికీ ఉద్యోగాలు దొరుకుతుండేవి. అమీర్‌పేట సందుల్లో నాలుగు నెలలు కోర్సు చేసినవాడు ఐదో నెలలో విమానం ఎక్కేవాడు. అలాగే మేమూ సింగపూర్ వచ్చి పడ్డాం. మావారికి తంజోంగ్ పగార్‌లో ఆఫీసు, జురాంగ్ ఈస్ట్‌లో అద్దె ఫ్లాట్, బాపట్ల దాటి ఎరగని నాకేమో ఒక కాలేజీలో ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పే పని. చంకలో ఉండవలసిన మా అమ్మాయి చైల్డ్ కేర్‌కి వెళ్లి, నెల తిరక్కుండానే అక్కడివాళ్ల యాసలో నాకు ‘నో లా, మమ్మీ’ అని జవాబు చెప్పడం మొదలుపెట్టింది. ఊళ్లో కరివేపాకు ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడానికి నాకు అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

మా కాలేజీలో ప్రతి టీచరూ పాఠాలతో పాటు ఏదో ఒక ఆటకు బాధ్యత వహించాలి. పాతవాళ్లు బ్యాడ్మింటనూ చదరంగమూ ఎప్పుడో పంచేసుకున్నారు. కొత్తగా వచ్చిన నాకు మిగిలింది ఫుట్‌బాల్. బంతిని చేత్తో పట్టుకోకూడదన్న ఒక్క ముక్క తప్ప ఆ ఆట గురించి నాకేమీ తెలియదు. చీర మానేసి అప్పుడప్పుడే సల్వార్ కమీజ్‌లోకి మారినదాన్ని, గొడుగు వేసుకుని మైదానం గట్టున నిలబడ్డాను. గడ్డిలోంచి ఒక పొట్టి ముసలాయన, నల్లని మనిషి, తెల్లని టోపీ, మోకాళ్ల దాకా మేజోళ్లు, నా వైపు నడిచి వచ్చి, ‘అమ్మో, ఏం ఎండ’ అని నేను గొణుక్కోవడం విని తెలుగులో అడిగాడు.

“ఏటమ్మా, మనోళ్ల పిల్లవా? మకాన్ అయిందా?”

మకాన్ అంటే మలయ్‌లో తిండి అని అప్పటికి తెలుసు గనక అయిందని తలూపాను గానీ, ఆ దేశంలో, ఆ మైదానంలో, శ్రీకాకుళం యాసలో ఎవరైనా నన్ను తిన్నావా అని అడుగుతారని కలలో కూడా అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండ అని సర్దుకున్నాను.

ఆయన తాత కళింగపట్నం వైపు నుంచి మలయాలో రబ్బరు తోటలకు వచ్చాడట. ఆయన తోటలోనే పుట్టి, చెప్పుల్లేని కాళ్లతో బంతి తన్నుకుంటూ పెరిగి, పని వెతుక్కుంటూ దక్షిణాన ఈ ద్వీపానికి దిగి, రేవులో గుమాస్తాగా చేస్తూ సాయంత్రాలు మా కాలేజీ కుర్రవాళ్లకు ఆట నేర్పడం మొదలుపెట్టాడు. రేవు ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ మైదానం నుంచి కాలేదు. ఒకప్పుడు ఆయన జట్టంటే మిగతా కాలేజీలు వణికేవట. ఆయనతో కలిసి తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళితే కాఫీ కూడా కొనుక్కోనిచ్చేవారు కాదు. ఎవరో నెరిసిన జుట్టు మనిషి ఒక బల్ల మీంచి లేచి వచ్చి, ‘కోచ్, నన్ను గుర్తుపట్టారా’ అని ఆయన చేయి పట్టుకునేవాడు. బ్యాంకు మేనేజరూ, టాక్సీ నడిపేవాడూ ఆయన ముందు ఒకేలా చేతులు కట్టుకుని నిలబడేవారు.

నేను వెళ్లేనాటికి ఆయనకు డెబ్భై దాటింది, జట్టు గెలవడం మానేసి చాలా కాలమైంది. ఇంకో వింత ఏమిటంటే, ఆయన ఇప్పటి కుర్రవాళ్లను ఎప్పటివాళ్ల పేర్లతోనో పిలిచేవాడు. గోల్‌కీపర్‌ని పిలవాలంటే ఇరవై ఏళ్ల కిందటి గోల్‌కీపర్ పేరు వచ్చేది నోటికి. కుర్రవాళ్లు సరిదిద్దలేదు. తమలో తాము ఒప్పందం చేసుకుని ఎవరికి ఏ పేరు వచ్చిందో దానికే పలికేవారు. ఒక చైనీస్ అబ్బాయి ఎవరిదో పంజాబీ పేరుకు రెండేళ్లు ‘యెస్, కోచ్’ అన్నాడు. కొత్తగా జట్టులో చేరినవాడికి బూట్లతో పాటు ఆ పేరు కూడా అప్పజెప్పేవారు.

కాలం మాత్రం ఊరుకోదు కదా. మా ప్రిన్సిపాల్ కొత్తగా వచ్చింది. మంచి మనిషే. ఎక్కడ చూసినా కంప్యూటర్లు, వీడియోలో ఆట చూసి తప్పులు పట్టే పద్ధతులు వస్తున్న రోజులు. చదువుకున్న కోచ్‌ని తేవాలని ఆమెకు. కానీ ఆ పెద్దాయనకు ఎదురుపడి చెప్పే ధైర్యం ఆమెకూ లేదు. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి టీ ఇప్పించి, చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి అసలు సంగతికి వచ్చింది.

“మీరిద్దరూ తెలుగే కదా. నీ నోటితో అయితే ఆయనకు నొప్పి తక్కువ. నువ్వు మెల్లగా చెప్పు, లా.”

సొంత భాషలో అయితే నొప్పి తక్కువని ఆమెకు ఎవరు చెప్పారో! ఆ వారమంతా అన్నం సయించలేదు. శనివారం మధ్యాహ్నం చీర కట్టుకుని, పళ్లు తీసుకుని, యీషున్‌లో వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను. ఆయన భార్య, ఆంటీ, చేగోడీలు చేసి, పక్కన వేయించిన నెత్తళ్లు పెట్టింది. గోడ నిండా పాత జట్ల ఫొటోలు. ఆయన ఒక్కొక్క ఫొటో ముందు నన్ను నిలబెట్టి, అందులో ఎవడు ఎడమకాలితో తన్నేవాడో, ఎవడు తల్లి పోయిన మర్నాడు కూడా ఆటకు వచ్చి కూర్చున్నాడో చెబుతుంటే, గొంతు దాకా వచ్చిన మాటను నేను మింగేశాను. వచ్చేటప్పుడు ఆంటీ లిఫ్ట్ దాకా తోడు వచ్చి, తలుపు మూసుకోకుండా చేయి అడ్డం పెట్టింది.

“ఆయనకి కన్ను తెరియదమ్మా” అంది. కనబడదు అనడానికి వాళ్ల తెలుగులో అరవ మాట అలా కలిసిపోయింది. “నీటికాసులు అన్నాడు డాక్టరు. పోయిన సూపు రాదంట. ఎవరికీ సెప్పొద్దని నా మీద ఒట్టేయించుకున్నాడు. నానింక సెప్పీసినాను, నువ్వే ఏటో సెయ్యి.”

లిఫ్ట్ కిందకి దిగుతుంటే నాకు అంతా అర్థమైంది. పేర్లు మరిచిపోవడం కాదు, ఆయనకు ముఖాలు కనబడటం లేదు. పరిగెత్తే తీరునూ, నీడల పొడవునూ బట్టి పాతవాళ్లలో ఎవరిని పోలి ఉంటే ఆ పేరు పెట్టుకుంటున్నాడు.

ఆ తరువాత వారం వేరే కాలేజీ మైదానంలో మ్యాచ్. మబ్బు పట్టి, మధ్యాహ్నమే దీపాలు పెట్టేంత చీకటిగా ఉంది. మావాళ్ల చొక్కాలు ముదురు నీలం, వాళ్లవి ముదురు ఆకుపచ్చ. ఆట ముగిసే ముందు అవతలి కొసన గుంపుగా పరుగు, కేకలు, వల కదిలింది. మా కోచ్ అంకుల్ బెంచీ మీంచి ఒక్క ఉదుటున లేచి, రెండు చేతులూ పైకెత్తి, చిన్నపిల్లాడిలా గంతేశాడు. ఆ గోల్ వేసింది మావాళ్లు కాదు. మా మీద పడింది. ఎదుటి జట్టు తాలూకు పిల్లలు నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. మా కెప్టెన్, ఒక మలయ్ అబ్బాయి, ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తుకుంటూ వచ్చి, ఆయన భుజం చుట్టూ చేయి వేసి, చెవిలో ఏదో చెప్పాడు. ఎత్తిన చేతులు ఒకటి తరువాత ఒకటి దిగాయి. ఆయన కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, ఆట అయిపోయేవరకూ ఎదురుగానే చూస్తూ ఉండిపోయాడు. మావాళ్లలో ఒక్కడూ నవ్వలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన బస్సులో వెతుక్కుంటూ వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. బయట వాన.

“ఏటమ్మా, ఆయేళ ఇంటికొచ్చి సెప్పకుండా పోనావు. ఇప్పుడు సెప్పు.”

ఆయన ఎప్పుడో గ్రహించాడన్నమాట. ఇక దాచడానికేముంది, చెప్పాను. “ఇంక చాలు అంకుల్. ఈ సీజన్‌తో ఆపేద్దాం.”

“ఇది పిన్సిపాలమ్మ మాటా, నీ మాటా?”

ఆలోచించాను. వారం కిందట అడిగి ఉంటే ప్రిన్సిపాల్ మాటే అని తప్పించుకునేదాన్ని. “పొద్దున దాకా ఆమె మాట. ఇప్పుడు నా మాట కూడా.”

ఆయన తల ఊపాడు. “ఆమె మాటే అయితే ఇంకో ఏడు కూకుందును. కప్పు గెలిసి పోదునని మొండికేసుందును. నీ మాటయితే సరే.” గొంతు బాగా తగ్గించి అడిగాడు. “ఈ గుంటల అసలు పేర్లేటమ్మా? నాకు నేర్పు.”

అక్కడ నుంచి ప్రాక్టీసుకు ముందు ఇద్దరం బెంచీ మీద కూర్చునేవాళ్లం. నేను పేరు చెప్పేదాన్ని, ఆయన అప్పజెప్పేవాడు. చైనీస్ పేర్లు ఆయన నాకంటే బాగా పలికేవాడు. నా ఉచ్చారణ విని నవ్వేవాడు. కానీ ఏ పేరు ఎవరిదో తెలియాలంటే కళ్లు కావాలి. అందుకని చివరి ప్రాక్టీసు రోజున కుర్రవాళ్లందరినీ ఒక్కొక్కరుగా తన దగ్గరికి, చేతికి అందేంత దగ్గరికి రమ్మన్నాడు. వచ్చినవాడి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని, కంటికి ఆనించుకున్నట్టు చూసి, వాడి అసలు పేరుతో పిలిచి, నీకు ఈ పని వచ్చు, ఆ పని ఇంకా రావాలి అని చెప్పి పంపాడు. పంజాబీ పేరుకు పలికే ఆ చైనీస్ అబ్బాయి తన సొంత పేరు వినగానే నేల చూపులు చూశాడు. ఆఖరున ఆయన, తాను ఇక రానని, తన బదులు వచ్చేవాడికి ఎదురు చెప్పవద్దని ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి, బంతులు లెక్కపెట్టుకుని సంచీలో వేయమన్నాడు. విందు వద్దన్నాడు, దండలు వద్దన్నాడు. ఆ ఏడు కూడా మావాళ్లు కప్పు గెలవలేదు.

మర్నాడు ఆంటీ ఫోన్ చేసింది. పెళ్లయ్యాక మొదటిసారి ఆయన పొద్దెక్కేదాకా నిద్రపోతున్నాడని, లేపాలో వద్దో తెలియడం లేదని అడిగింది. లేపవద్దన్నాను.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను గానీ, మరుసటి ఏడు మొదటి మ్యాచ్‌కి ఆయన ఆంటీ చేయి పట్టుకుని ప్రేక్షకులు కూర్చునే వైపు వచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏం జరుగుతుందో చెప్పమన్నాడు. నాకా, ఆట సరిగా రాదు; ఆ ఆటకు తెలుగులో మాటలూ లేవు. “నల్లజుట్టు అబ్బాయి బంతి తీసుకుని పరిగెడుతున్నాడు అంకుల్” అన్నాను. “అందరిదీ నల్లజుట్టే కదమ్మా” అని కసిరాడు. అలా తిట్లు తింటూ తింటూ నేర్చుకున్నాను. రెండేళ్లు తిరిగేసరికి, ఎవడు బంతి ఎవడికి ఇవ్వబోతున్నాడో వాడికంటే ముందు చెప్పగలిగేదాన్ని. కొత్త కోచ్, కుర్రవాడు, విరామంలో గట్టు దాటి వచ్చి ఆయన పక్కన గొంతుక్కూర్చునేవాడు. ఏం మాట్లాడుకునేవారో నేను వినేదాన్ని కాదు, అప్పుడు నాకు కాఫీ తాగే వేళ.

ఆయన పోయి చాలా కాలమైంది. అంత్యక్రియలకు వచ్చినవాళ్లతో యీషున్‌లో వాళ్ల బ్లాకు కింద కుర్చీలు చాలలేదు. నెరిసిన జుట్టువాళ్లు, బట్టతలలవాళ్లు, మా కాలంనాటి ఆ కుర్రవాళ్లు, అందరూ ఎండలో నిలబడ్డారు. ఆంటీ తరువాత మలేషియాలోని జోహోర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ మైదానానికి కంచె వేసి, ప్లాస్టిక్ గడ్డి పరిచారు. గోల్ పడిన మరుక్షణం ప్రతివాడి ఫోనులోనూ అది మళ్లీ మళ్లీ పడుతూనే ఉంటుంది, పక్కవాణ్ణి ఏమైందని అడగనక్కర్లేదు. నేను కూడా కిందటి ఏడు రిటైరయ్యాను. నేను చెప్పే పాఠాలకు కాలం చెల్లిందని, ఇన్నేళ్ల సేవకు కృతజ్ఞతలని, ఒక మంగళవారం మధ్యాహ్నం కంప్యూటర్ తెర మీద కనబడింది. మర్యాదగానే రాశారు, తప్పుపట్టడానికి ఏమీ లేదు. చదివి, ఎవరైనా వస్తారేమోనని కాసేపు అలాగే కూర్చున్నాను. పక్క సీట్లలో అందరూ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పని చేసుకుంటున్నారు. ఎవరైనా ఒకరు కుర్చీ జరుపుకుని వచ్చి, ఇంక చాలు ఆంటీ అని నోటితో అని ఉంటే, ఆ మాట నీదా వాళ్లదా అని నేనూ అడిగేదాన్ని.