పసుపు దీపానికి హాజరు పట్టీ

మా పక్కింటి లెక్కల టీచర్ గారు మొన్న మంగళవారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. ఉంగుటూరు దగ్గర బండి ఆపి టీ తాగుతుంటే మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "అదెలా? నిన్న సాయంత్రం కూడా ఆవిడ హాజరు పట్టీ రాశారు కదా" అన్నాను. హాజరు పట్టీ రాసినవాళ్ళు మర్నాడు పోకూడదని ఎక్కడో నిబంధన ఉన్నట్టు.

ఈ నాలుగు మాటలూ కుదురుగా కూర్చుని రాద్దామనే అనుకున్నాను. కుదరడం లేదు. రెండు వాక్యాలకోసారి లేచి వెళ్ళి, బండి స్టార్ట్ చేసి డాష్‌బోర్డు చూసి వస్తున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. మా వట్లూరులోనే కాలేజీ, ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. అయినా ఎక్కువ రోజులు స్నేహితుల ప్రాక్సీతోనే హాజరయ్యాను. ఇప్పుడు డీజిల్ పికప్ నడుపుతున్నాను. పెంటపాడు దగ్గర ఒక రైతు పెంచే చేపపిల్లల్ని తొట్టిలో నీళ్ళతో సహా ఎక్కించుకుని, తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా కొల్లేరు చెరువులకి చేర్చడం నా వృత్తి. ఒక్కో ట్రిప్పులో వేల ప్రాణాలు నా చేతిలో ఉంటాయి. డాక్టర్ల తర్వాత నేనే.

ఆ బండికి ఒక జబ్బు ఉండేది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు దీపం వెలిగేది. వెలిగితే బండి లాగడం మానేసేది, ఎంత తొక్కినా ఎద్దుబండి వేగమే. ఒకటి రెండు రోజులకి దానంతటదే ఆరిపోయేది. తాడేపల్లిగూడెంలో మెకానిక్ గారు కంప్యూటర్ తగిలించి చూసి "సెన్సారండీ" అన్నారు. మార్చారు. వారం తిరక్కుండా మళ్ళీ వెలిగింది. ఆయన మళ్ళీ చూసి, "ఇదీ సెన్సారేనండీ. కొత్తది కూడా పోయినట్టుందండీ" అన్నారు, దగ్గర బంధువు పోయిన కబురు చెప్పినంత మెత్తగా.

రెండుసార్లు దారిలో బండి మొరాయించి, కొల్లేరు చేరేసరికి చేపపిల్లలు తెల్లగా తేలిపోయాయి. రైతు కోప్పడలేదు. మా వైపు కోపం కూడా అండీ అంటూనే వస్తుంది. "మీరు మంచోరేనండి. మీ బండే మంచిది కాదండి. ఇంకోసారి పిల్లలు పోతే మాత్రం నేను వేరే బండి చూసుకుంటానండి" అన్నాడు. ఆ రైతు పోతే నాకు పని లేనట్టే. ఉద్యోగం వెతుక్కోవాలి. ఇంటర్వ్యూలో ఇంజిన్ గురించి అడుగుతారు. నా భయం అది.

టీచర్ గారికి సైకిల్ కూడా రాదు. ఆదివారం ఆదివారం ఏలూరులో చర్చికి నా బండిలోనే వచ్చేవారు. బైబిలు ఒళ్ళో పెట్టుకుని, చేపల వాసనకి ముక్కు మూసుకోకుండా, నిటారుగా కూర్చునేవారు. ఒక ఆదివారం ఆ దీపాన్ని చూశారు.

"ఏవిటయ్యా అది?"

"ఇంజిన్‌లో ఏదో తేడా ఉందనండీ."

"ఏదో అంటే?"

"దానికీ తెలీదండీ."

"ఎప్పుడెప్పుడు వస్తుంది?"

"దాని ఇష్టమండీ."

టీచర్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇష్టమొచ్చినప్పుడు వచ్చేవాళ్ళని నా సర్వీసంతా చూశాను. ఎవడూ ఊరికే రాడు, ఊరికే మానడు. పరీక్ష రోజు మానతాడు, గుడ్డు పెట్టే రోజు వస్తాడు. దీనికీ హాజరు తీద్దాం."

మర్నాడే బళ్ళో మిగిలిపోయిన పాత హాజరు పట్టీ ఒకటి తీశారు. తేదీ, హాజరు, లోడు, వాన అని స్కేలు పెట్టి గళ్ళు గీశారు. చివర ఇంకో గడి గీసి దాని మీద "నిన్న" అని రాశారు.

"నిన్నెందుకండీ? దీపం వెలిగేది ఇవాళ కదా?"

"పిల్లాడు ఇవాళ కడుపునొప్పి అన్నాడనుకో. నిన్న ఏం తిన్నావని అడగవూ?"

ఆ రోజు నుంచి సాయంత్రం బండి ఆగిన చప్పుడు వినపడితే చాలు, ప్రహరీ గోడ అవతలి నుంచి కేక వచ్చేది. "ఇంజినీరూ, హాజరు!" వీధంతా వినేది. కాలేజీలో తప్పించుకున్నవన్నీ వడ్డీతో సహా ఇక్కడ చెప్పుకోవలసి వచ్చింది.

ఇక్కడే నేనొక ఘనకార్యం చేశాను. లోడు ఎక్కించే ముందు రైతు డాష్‌బోర్డులోకి తొంగి చూడడం మొదలుపెట్టాడు. దీపం కనపడితే ఎక్కించనివ్వడు. అందుకని దీపం మీద నల్ల టేపు అతికించాను. సాయంత్రం గోడ దగ్గర టీచర్ గారు అడిగితే "రాలేదండీ" అనేవాణ్ణి. అలా ఆరు రోజులు.

ఏడో రోజు ఆదివారం. టీచర్ గారు బండెక్కి, డాష్‌బోర్డు వంక కాసేపు చూసి, "ఇంత బుద్ధిమంతుడు ఎప్పుడయ్యాడు చెప్మా" అంటూ గోటితో టేపు ఊడదీశారు. కింద దీపం నిక్షేపంగా వెలుగుతోంది. రోడ్డుని అంత శ్రద్ధగా నేనెప్పుడూ చూడలేదు. చర్చి గేటు దాకా ఆవిడ ఆ టేపుని వేలికి చుట్టుకుంటూనే ఉన్నారు. దిగుతూ అన్నారు:

"దొంగ హాజరు వేసినవాళ్ళని బోలెడుమందిని చూశాను. దొంగ గైర్హాజరు వేసినవాడివి నువ్వొక్కడివే."

సాయంత్రం ఆ ఆరు గళ్ళూ ఎర్ర పెన్నుతో కొట్టేసి "తెలియదు" అని రాశారు. "అబద్ధం అనే రాయండి, ఫరవాలేదు" అన్నాను. "అబద్ధం నీది. ఆ రోజుల్లో దీపం సంగతి మనకి తెలియదు. తెలియనిదాన్ని తెలియదనే రాయాలి" అన్నారు. నాలుగేళ్ళ ఇంజినీరింగ్‌లో నాకు ఎవరూ చెప్పని సంగతి అది. చెప్పే ఉంటారు. ఆ రోజు నేను వెళ్ళి ఉండను.

తర్వాత నెల్లాళ్ళు నిజమే చెప్పాను. రైతుకి కూడా నిజం చెప్పి, దీపం లేని రోజునే లోడు వేసుకున్నాను. ఒక సాయంత్రం కేక లేదు. గోడ మీద పట్టీ తెరిచి పెట్టుకుని, "ఇటు రా" అన్నారు.

"దీపం వచ్చిన రోజుల్లో మిగతా గళ్ళు వదిలెయ్యి. నిన్న గడి ఒక్కటే చదువు."

చదివాను. లోడు. లోడు. లోడు. ప్రతి చోటా అంతే.

"కానీ ఖాళీ బండిలో వెలిగిందే ఎక్కువ కదండీ? అందుకే లోడుకీ దానికీ సంబంధం లేదని..."

"ఇవాళ ఖాళీయే. నిన్న తొట్టి నిండా నీళ్ళు. ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో కింద పడుకుని చూసుకో. ఇక నాకు రాదు."

మెకానిక్ గారు కింద పడుకుని చూశారు. బ్రేకు వేసినప్పుడల్లా తొట్టి తొణికి, బండి మూల నుంచి కారి, సెన్సారు వైర్లు కలిసే జాయింటు మీద పడుతున్నాయి నీళ్ళు. మెల్లగా లోపలికి ఇంకి, తెల్లారేసరికి తమ పని చేస్తున్నాయి. విప్పితే లోపల పచ్చగా చిలుం. "సెన్సారు కాదండీ" అన్నారాయన, చాలా కష్టం మీద. జాయింటు శుభ్రం చేసి, నీళ్ళు పక్కకి పోయేలా మూలన చిన్న గొట్టం పెట్టారు. ఎవరు చెప్పారని అడిగితే లెక్కల టీచర్ గారన్నాను. "ఆవిడ ఏ కంపెనీలో చేశారండీ?" అని అడిగారు.

టీచర్ గారు మాత్రం పట్టీ మూయలేదు. "వరసగా నలభై రోజులు రాకపోతే పేరు కొట్టేద్దాం. అప్పటిదాకా పిలవాల్సిందే" అన్నారు. సోమవారం సాయంత్రం ముప్పై ఆరో గడిలో "రాలేదు" అని రాశారు. ఆవిడ చేత్తో రాసిన చివరి మాట అదే.

బుధవారం సమాధి. నేను తొట్టి దించేసి బండి కడిగి, పూలు నా బండిలోనే తీసుకెళ్ళాను. బుట్టలకొద్దీ చామంతులు. ఎండకి వాడిపోకుండా దారి పొడుగునా నీళ్ళు చల్లుతూనే ఉన్నాం. సాయంత్రం టీచర్ గారి చెల్లెలు హాజరు పట్టీ తెచ్చి, "ఇది నీదేనట కదా బాబూ" అని నా చేతిలో పెట్టారు. లోపల ఎర్ర పెన్ను ఉంది. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది నేనే నింపాను. రాలేదు. రాలేదు.

గురువారం పొద్దున్న, సమాధి రోజుకని అద్దెకి తెచ్చిన కుర్చీలు ఏలూరులో అప్పజెప్పి వస్తుంటే దీపం వెలిగింది.

"టీచర్ గారే వెలిగించి ఉంటారురా" అంది మా అమ్మ కళ్ళొత్తుకుంటూ. ఆ మాట ఆవిడ విని ఉంటే మా అమ్మకి సున్నా వేసేవారు.

పట్టీ బానెట్ మీద తెరిచాను. ఇంకా రెండే గళ్ళు. అడిగేవాళ్ళు లేరు. గోటితో టేపు ఊడదీసేవాళ్ళు లేరు. ఆవిడ అనుకున్నట్టే పేరు కొట్టేసి, పట్టీ మూసి, ఆవిడ లెక్క నెగ్గిందని ఊరంతా చెప్పుకోవచ్చు. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది.

"వచ్చింది" అని రాశాను. పక్కన "నిన్న" గడి ఖాళీగా నన్నే చూస్తోంది. రాశాను: పూలు. తడిపాం.

రాశాక గానీ బుర్ర వెలగలేదు. బండి కింద దూరాను. మూలనున్న గొట్టం నిండా తడిసిన చామంతి రేకులు. నీళ్ళకి దారి లేక మళ్ళీ ఆ పాత జాయింటు మీదికే వెళ్ళాయి. లెక్క తప్పలేదు.

గొట్టం శుభ్రం చేశాను. జాయింటు తుడిచి ఆరబెట్టాను. దీపం ఇంకా ఆరలేదు. అందుకే ఇలా లేచి వెళ్ళి చూసి వస్తున్నాను. రైతుకి ఫోన్ చేసి దీపం వెలిగిందని చెప్పాను. "అది ఆరాకే రండి" అన్నాడు. రేపటి నుంచి మళ్ళీ ఒకటో రోజు.

గొట్టంలోంచి తీసిన రేకుల్లో ఒకదాన్ని "నిన్న" గడిలో పెట్టాను. దాని తడికి ఎర్ర అక్షరాలు కొంచెం అలుక్కుపోయాయి. పట్టీ మూయకుండా ప్రహరీ గోడ మీద ఆరబెట్టాను.