మామ్మ బొట్టు మైనం, నా ఇత్తడి చందమామ

గుణుపురంలో మేమున్న వీధి చివర ఒక ముసలావిడ ఇత్తడి పోతపని చేసేది. కొండల మీది ఆడవాళ్ళు వేసుకునే కడియాలు, పూసలు, పశువుల మెడగంటలు ఆవిడ చేతిలోంచే వచ్చేవి. తేనె మైనాన్ని పీట మీద దారంలా పామి, ఆ దారంతో నగ అల్లి, పైన మెత్తటి బంకమన్ను పూసేది. మన్ను ఆరాక కాలిస్తే లోపలి మైనం కరిగి కారిపోయేది. ఆ ఖాళీలో కాగిన ఇత్తడి పోసేది. చల్లారాక మన్ను పగలగొడితే మైనం ఎలా ఉండేదో ఇత్తడి అచ్చంగా అలాగే ఉండేది.

స్వాతంత్య్రం వచ్చిన ఏడెనిమిదేళ్ళకి, నాకు పదమూడేళ్ళప్పటి సంగతి. ఆషాఢంలో ఎంత ఎర్రగా పండిన గోరింటాకైనా నెల తిరక్కుండా వెలిసిపోతుందని నాకు మహా కోపం. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు. అదే ముగ్గు ఇత్తడిలో పోయించి మెడలో వేసుకుంటే? ముసలావిడ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ఇంట్లో ఒడియా, మాతో తెలుగు మాట్లాడేది. ఆడపిల్లలందరినీ నునీ అని పిలిచేది.

"పోస్తాను నునీ. అయితే మైనం నువ్వే తెచ్చుకో, బొమ్మ నువ్వే సేసుకో. నాకు కడియాల పని శానా ఉంది" అంది.

ముందు మా ఇంట్లో ఉన్న కొవ్వొత్తి కరిగించాను. పామితే పుటుక్కున విరిగింది. ఇంక ఇంట్లో అసలైన తేనె మైనం ఉన్న చోటు ఒక్కటే, మామ్మ బొట్టు డబ్బా. మా నాన్నగారి తల్లి ఆవిడ. నుదుట మైనం రాసి, దాని మీద రూపాయి కాసంత కుంకుమ దిద్దుకుంటే గానీ గది దాటి వచ్చేది కాదు.

ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు డబ్బా మొత్తం గీకేశాను. విరిగిన కొవ్వొత్తిని ఆముదంతో కరిగించి, రంగు కోసం చిటికెడు పసుపు కలిపి, డబ్బా నింపేశాను. చూస్తే నాకే తేడా తెలియలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తీరా తేనె మైనం పామబోతే వేళ్ళకి అంటుకుని సాగిపోయింది. "గుగ్గిలం కలపాల, అప్పుడు గట్టిపడతాది" అంది ముసలావిడ. దేవుడి గదిలో ధూపానికి దాచిన గుగ్గిలం గుప్పెడు పట్టుకుపోయాను. మొదటిసారి ఎక్కువ వేస్తే దారం పెళుసుబారింది. రెండోసారి ఇంకాస్త మైనం కలిపితే కుదిరింది. చందమామ చుట్టి, పదకొండు చుక్కలు అంటించి ఆవిడ చేతిలో పెట్టాను.

మన్ను ఆరి, ముసలావిడ ఇత్తడి పోసే రోజునే పక్క వీధిలో పేరంటం వచ్చింది. మంచి ఎండ. మామ్మ నడుమ కూర్చుని పాట అందుకుంది. రెండో చరణంలో బొట్టు కనుబొమ్మల మధ్యకి దిగింది. మూడో చరణానికి ముక్కు ఎక్కింది. నేను తల వంచుకుని శనగలు లెక్కపెడుతున్నాను.

"ఒలమ్మో, అదేటి వొదినా! బొట్టు ముక్కు మీదకొచ్చీసింది!" అంది ఒకావిడ. పేరంటం పేరంటమంతా ఘొల్లుమంది.

మామ్మ నవ్వలేదు. వేలితో తుడిచి వాసన చూసింది. ఆముదం! ఆ తర్వాత సరాసరి నా వంక చూసింది.

"అమ్మీ, నా మైనం ఏటి సేసేవే?"

ఇత్తడి ముసలావిడకి ఇచ్చానని చెప్పేశాను. చెవి పట్టుకుని వీధి వెంట నడిపించింది. మేం వెళ్ళేసరికి ముసలావిడ మన్ను పగలగొడుతోంది.

"నా మైనం ఏదీ?" అని గద్దించింది మామ్మ.

"ఇత్తడైపోయింది తల్లీ!" అంటూ ఆవిడ పడీ పడీ నవ్వింది.

మన్నులోంచి చందమామ వచ్చింది, వంకరగా. చుక్కలు ఎనిమిదే ఉన్నాయి. మామ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటే, చందమామా, పెసరట్టా? నీకు మైనం పామడం కూడా రాదేటి?" అంది.

నా చెవి వదిలేసి, కొంగు దోపుకుని పీట ముందు కూర్చుంది. జంతికలు చుట్టే చెయ్యి కదా, ముసలావిడ మైనం ముద్దలోంచి సన్నటి దారం తీసి రెండు నిమిషాల్లో చందమామ చుట్టేసింది. చుక్కలు పదహారు పెట్టింది. ముసలావిడ నవ్వడం ఆపి, కడియాల పని పక్కన పడేసి చూస్తూ కూర్చుంది.

మామ్మ చందమామ పోతలో ఒక్క చుక్క కూడా పోకుండా వచ్చింది. దాన్ని తాళాల గుత్తికి కట్టుకుంది. ముసలావిడ అదే ముగ్గుతో ఓ బుట్టెడు పోసి రామనగుడ సంతకి తీసుకెళ్ళింది. కొండపిల్లలు ఒక్కటి కూడా మిగల్చలేదని వచ్చి చెప్పింది. మరుసటి పేరంటంలో మామ్మ గుత్తి ఆడిస్తూ, "నాకే తట్టింది, ఆవిడకి నానే నేర్పేను" అని అందరికీ చెప్పింది.

నేను నోరు తెరవబోయాను.

"పెద్దోళ్ళు మాటాడతంటే మద్దెన నీకేటే?" అంది.

నా వంకరదాన్ని నల్లదారానికి గుచ్చుకుని బడికి వెళ్ళాను. సాయంత్రానికి చెమటతో మెడ మీద ఆకుపచ్చ చుక్కలు ఎనిమిది పడ్డాయి. అమ్మ వారం రోజులు సున్నిపిండి పెట్టి తోమింది.