ఈదమ్మ నీళ్ల తొవ్వ

మా అవ్వ బీరమ్మను ఇరవై ఏళ్ల వయసులో అడవిలో ఐదు రోజులు నడిపించి కృష్ణ దాటించిన మనిషి పేరు నిమ్మల ఈదమ్మ. చెంచు మనిషి. ఆమె గురించి ఎక్కడా రాసి లేదు. నాకు తెలిసిందంతా అవ్వ చెప్పగా విన్నదే. అవ్వ ఆ సంగతి ఎన్నోసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ ఒకే వరుసలో చెప్పింది.

ఈదమ్మది అమ్రాబాద్ గుట్టల మీద పదకొండు గుడిసెల పెంట. చెంచులు తమ పల్లెను పెంట అంటారు. ఆమె భర్త గురువయ్య పట్నం నుంచి వచ్చే వేటగాళ్లకు దారి చూపేవాడు. ఇష్టపడి చేసిన పని కాదు, పిలిస్తే పోవాల్సిందే. అలా పోయిన ఒక చలికాలం అతను తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఈదమ్మ బయటివాళ్లెవరికీ ముందు నడవనని చెప్పేసింది. పిల్లలు లేరు. పర్వతాలు అనే తమ్ముడు, ఆమె కలిసి తేనె తీసేవారు, గడ్డలు తవ్వేవారు. మా అవ్వ చూసేనాటికి ఆమెకు నలభై ఉంటాయి. సన్నటి మనిషి, మాట తక్కువ.

అది 1948 వేసవి. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న కాలం. డిండి వాగు దగ్గర మా అవ్వ వాళ్ల ఊరు లెవీ ధాన్యం ఇవ్వనన్నందుకు ఒక మధ్యాహ్నం తగలబడిపోయింది. ఇద్దరు చనిపోయారు. అవ్వ మొగుడు ఎల్లేశం, అంటే మా తాత, అప్పటికే కృష్ణ అవతల ఇండియన్ యూనియన్ ప్రాంతంలో తలదాచుకుని ఉన్నాడు. రేవులన్నిటి దగ్గరా కాపలా ఉంది. మిగిలింది అడవి ఒక్కటే. ఆరుగురు గుట్ట ఎక్కారు. రెండు గొర్రెలను తోలుకుని మా అవ్వ, ఊళ్లో పెద్ద రైతు రామచంద్రయ్య, అతని భార్య సావిత్రమ్మ, కూలి చేసుకునే ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల తల్లి.

పెంటలో మాట్లాడింది రామచంద్రయ్యే. నది దాకా తీసుకుపొమ్మన్నాడు. నడుముకున్న వెండి మొలతాడు విప్పి ముందు పెట్టాడు. ఈదమ్మ దానివైపు చూడలేదు. ఈ ఎండల్లో తామే పెంట దాటమని, నీళ్లు లేని అడవి మనిషిని బతకనివ్వదని చెప్పింది. రామచంద్రయ్య మళ్లీ ఏదో అంటుండగా ఆమె చూపు సావిత్రమ్మ కాళ్ల మీద పడింది. చెప్పులు లేకుండా రెండు రోజులు కాలే రాళ్ల మీద నడిచిన కాళ్లు. అరికాళ్లు పొరలుగా లేచిపోయాయి.

ఈదమ్మ వచ్చి ఆమె ముందు కూర్చుని ఒక పాదాన్ని ఒడిలోకి తీసుకుంది. సావిత్రమ్మ కట్టంగూర్‌లో కలిగిన ఇంట పుట్టింది. ఇంటి మనుషులు తప్ప ఇంకెవరూ ముట్టి ఎరుగని మనిషి. వెనక్కి లాక్కోబోయింది. ఈదమ్మ వదల్లేదు. ఏదో ఆకు నూరి పూసి, పాత గుడ్డ చుట్టి, అడ్డాకు తీగ నారతో కట్టింది. రెండో పాదం కూడా కట్టాక లేచి తమ్ముణ్ని సొరకాయ బుర్రలు తెమ్మంది. వస్తానని ఎవరితోనూ చెప్పలేదు. బుర్రలు నింపుతుంటే అందరికీ అర్థమైంది.

గొర్రెలను మాత్రం రానివ్వలేదు.

"అవి నీకన్న ఎక్కువ తాగుతయ్ బిడ్డా. ఈడ్నే ఇడిసిపెట్టు" అంది అవ్వతో. తర్వాత అందరినీ చూసి, "నేను తాగుమంటెనే తాగాలె. ఎవ్వలన్న ఎనక ఆగితే అందరం ఆగుతం" అంది.

తెల్లవారకముందే నడక మొదలయ్యేది. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి ఏదో బండ నీడన కూర్చోబెట్టేది. ఎండ వాలాక మళ్లీ నడక. ముందు ఈదమ్మ, చివర తమ్ముడు పర్వతాలు. అడవంటే పచ్చగా ఉంటుందనుకున్న మా అవ్వకు ఆ గుట్టల మీద ఎండిన గడ్డి, ఆకు రాల్చిన చెట్లు, వేడెక్కిన రాయి తప్ప ఏమీ కనబడలేదు. ఈదమ్మకు మాత్రం అందులోనే అన్నీ కనబడేవి. తేనెటీగలు ఏ వైపు తిరుగుతున్నాయో చూసేది. సాయంత్రం గువ్వలు ఎటు వాలుతున్నాయో చూసేది. అక్కడికి తీసుకుపోయి, ఎండిన వాగులో కర్రతో మోచేతి లోతు తవ్వి, చేయి పెట్టి కూర్చునేది. చాలాసేపటికి ఇసుక తడిసేది. ఇంకా చాలాసేపటికి దోసెడు నీళ్లు ఊరేవి. ఆకు దొన్నెలో ముంచి మొదట సావిత్రమ్మకు, తర్వాత ముసలి తల్లికి ఇచ్చేది. తానూ తమ్ముడూ చివర తాగేవారు. తాగాక ఆ చెలమను పూడ్చనిచ్చేది కాదు. అడవి మెకాలు, అంటే జంతువులు, తాగాలి కదా అనేది.

ఇంకా ఎన్ని కోసుల దూరం ఉందని రామచంద్రయ్య అడుగుతూ ఉండేవాడు. ఇంకా నాలుగు నీళ్లు ఉందనో, మూడు నీళ్లు ఉందనో ఆమె చెప్పేది. ఆమెకు దూరం అంటే అదే. అతనికి ఆ లెక్క నచ్చలేదు. నలభై ఎకరాల ఆసామి, ఒక చెంచు ఆడమనిషి చెప్పినప్పుడు తాగడం, చెప్పినప్పుడు కూర్చోవడం అతనికి లోపల కోతగా ఉందని మా అవ్వకు తెలుస్తూనే ఉంది.

మూడో రోజు పగటిపూట ఒక మడుగు దగ్గరికి చేరారు. ఆ మడుగు ఎండాకాలంలో కూడా ఎండదు. కానీ అందులో కణుజు దుప్పి ఒకటి పడి చచ్చి ఉబ్బి ఉంది. వాసనకు దగ్గరికి పోలేకపోయారు. బుర్రల్లో మిగిలిన నీళ్లు తలా రెండు గుక్కలకు సరిపోతాయి. తర్వాతి నీళ్లు తేనెబండ దగ్గర, సాయంత్రానికి చేరవచ్చు అంది ఈదమ్మ.

రామచంద్రయ్య ఒప్పుకోలేదు. చిన్నప్పుడు తండ్రితో శివరాత్రికి శ్రీశైలం పోయాడు. ఆ యాత్రికుల తొవ్వ పడమటి వైపే ఉందని, దారి పొడవునా చలువ పందిళ్లు, కుండల్లో నీళ్లు ఉంటాయని అన్నాడు. అవి శివరాత్రికి పెట్టేవని, ఇప్పుడక్కడ మనిషి ఉండడని ఈదమ్మ చెప్పింది. అతను వినలేదు. ఈమె మనల్ని చంపడానికే తిప్పుతోందన్నాడు. ఒక బుర్ర భుజాన వేసుకుని, నడువమని భార్యతో అన్నాడు.

సావిత్రమ్మ కట్టిన కాళ్లవైపు చూసుకుంది.

"నేను రాను. నువ్వు గూడ పోకు" అంది.

పెళ్లైన పద్దెనిమిదేళ్లలో ఆమె భర్త మాట కాదనడం అదే మొదటిసారి అట. అతను ఒక్కడే చెట్లలోకి వెళ్లిపోయాడు. తీసుకుపోయిన బుర్రలో అందరి నీళ్లలో సగం ఉన్నాయి.

 ఈదమ్మ మిగిలినవాళ్లను తేనెబండకు, అక్కడి నుంచి నదికి తీసుకుపొమ్మని తమ్ముడికి చెప్పింది. తాను అతను పోయిన వైపు తిరిగింది. అన్నదమ్ముల్లో పెద్దవాడు అడ్డం వచ్చాడు. నీళ్లెత్తుకుపోయిన మనిషి కోసం ఎందుకు పోతావని అడిగాడు.

ఆమె అప్పుడు చెప్పింది. "నా పెనిమిటిని ఎలుగ్గొడ్డు చీరింది. వేటకొచ్చినోళ్లు పొద్దు గూకుతాందని చెట్టు కింద కూసోబెట్టి, మందిని పంపుతమని పోయిన్రు. ఎవ్వలను పంపలే. మూడొద్దులకు నేనే పోయి ఎత్తుకొచ్చుకున్న. చుట్టూ మట్టి గోక్కొని ఉన్నడు, నీళ్లకోసం."

ఇంకెవరూ అడ్డం రాలేదు. ఆమె తన వంతు రెండు గుక్కలు కూడా తాగకుండానే వెళ్లిందని మా అవ్వకు తర్వాత తట్టింది.

మర్నాడు పొద్దున రామచంద్రయ్య ఆమెకు దొరికాడు. యాత్రికుల తొవ్వ ఎక్కడా లేదు. ఖాళీ బుర్ర ఒక చోట, విప్పేసిన అంగీ ఒక చోట, మనిషి ఒక చోట. నాలుక ఉబ్బి మాట రావడం లేదు. ఈదమ్మను చూసి తల్లి అనుకున్నాడు. ఆమె నీరుండే గడ్డలు తవ్వి, దంచి, ఆ రసం గుడ్డతో నోట్లో పిండింది. ఎండ తగ్గేదాకా కొమ్మలు నరికి నీడ పెట్టింది. తర్వాత ఆ భారీ మనిషిని భుజం ఇచ్చి నడిపించింది. పది అడుగులకొకసారి కూర్చోబెడుతూ, ఆ సాయంత్రమూ మర్నాడు ఉదయమూ నడిచి నది ఒడ్డుకు చేర్చింది. మిగిలినవాళ్లు అప్పటికే అక్కడ ఉన్నారు. సావిత్రమ్మ ఒడ్డు వెంట ఎదురు నడిచి వచ్చి, భర్త దగ్గరికి పోకముందు ఈదమ్మ చేతులు పట్టుకుంది.

వెదురు తెప్ప మీద పర్వతాలు ఇద్దరిద్దరిని అవతలికి చేర్చాడు. తన వంతు వచ్చినప్పుడు రామచంద్రయ్య మళ్లీ మొలతాడు తీశాడు.

"అది నాకెందుకు. ఈ నీళ్లు ఏడేడ ఉన్నయో ఎవ్వలకు చెప్పకు. గంతే" అంది ఈదమ్మ.

అతను నదిలో దిగి, దోసిట నీళ్లు పట్టుకుని, చెప్పనన్నాడు.

సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. రజాకార్లు పోయారు, మనుషులు ఊళ్లకు తిరిగొచ్చారు. మా అవ్వ, తాత దసరా తర్వాత గుట్ట ఎక్కారు. ఈదమ్మ గుడిసె ముందు గొర్రెలు రెండు కాదు, మూడు ఉన్నాయి. ఒకటి ఈనింది. ఆకలికాలంలో కూడా పెంటలో ఎవరూ వాటి జోలికి పోలేదు. అవ్వ గొర్రెపిల్లను అక్కడే వదిలి వచ్చింది. ఆ తర్వాత ఏటా ఒకసారి పోయేది. గొంగడి తీసుకుపోయి తేనె తెచ్చుకునేది.

అయితే రైతుల సాయుధ పోరాటం అంతటితో ఆగలేదు. భూములు పంచినవాళ్లు తుపాకులు దించలేదు. వాళ్లను పట్టుకోవడానికి సైన్యం వచ్చింది, వాళ్ల దళాలు అడవి పట్టాయి. 1950 వేసవిలో సైనికులకు నల్లమలలో నీళ్లు తెలిసిన మనిషి కావలసి వచ్చింది. ఆ అడవి దాటి బతికొచ్చిన ఆసామి ఒకడున్నాడని ఎవరో చెప్పారు. ఒక అధికారి రామచంద్రయ్యను పిలిపించాడు. ఎవరు నడిపించారని అడిగాడు. కొట్టలేదు, బెదిరించలేదు, కుర్చీ వేసి అడిగాడు. రామచంద్రయ్య చెప్పాడు. ఇంటికొచ్చి, ఆమెకు సర్కారు కూలి దొరుకుతుందని, మేలే చేశానని భార్యతో అన్నాడు. ఆ పూట సావిత్రమ్మ అతనికి వడ్డించి, తాను తినకుండా లేచిపోయింది.

ఆ అధికారి ఇరవైమంది సైనికులతో పెంటకు పోయాడు. ఒకరి మాటలు ఒకరికి చెప్పడానికి రామచంద్రయ్యను కూడా తీసుకుపోయాడు. ఈదమ్మ అతన్ని చాలాసేపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"నీళ్లు సూపియ్యాల్నా, మనుషుల్ని సూపియ్యాల్నా, అడుగు" అంది.

రెండూ అన్నాడు అధికారి.

"నీళ్లయితే సూపిస్త."

నాలుగు రోజులు వాళ్లను నడిపించింది. ఒక్కరికీ నోరెండనివ్వలేదు. రెండో రోజు ఎండదెబ్బకు పడిపోయిన సైనికుడికి కొమ్మల నీడ పెట్టి, గడ్డల రసం పట్టింది. ఒక చెలమ పక్కన పొయ్యి రాళ్లు, బూడిద కనబడ్డాయి. ఎవరివని అధికారి అడిగితే తనకు తెలియదంది. నిజంగా తెలియదో, తెలిసీ అనలేదో మా అవ్వకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. సైనికులకు ఎవరూ దొరకలేదు. అధికారి ఆమెకు ఒక ఉప్పు మూట ఇచ్చి పంపాడు.

పది రోజులకు హుకుం వచ్చింది. దళాలకు తిండి, నీళ్లు అందకుండా అడవి లోపలి పెంటలన్నీ ఖాళీ చేసి కిందికి దిగాలి. గుట్ట కింద బయల్లో ముళ్లకంచె వేసి, ఎనభై కుటుంబాలను అందులో పెట్టారు. అందరికీ కలిపి ఒక్క బావి. వానలు పడి మురికి అందులోకి దిగింది. వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొదటి నెలలో చనిపోయినవాళ్లలో పర్వతాలు ఒకడు.

కబురు తెలిసి మా అవ్వ, సావిత్రమ్మ బయలుదేరారు. రామచంద్రయ్య బండి కట్టి నాలుగు బస్తాల జొన్నలు వేసుకుని వాళ్ల వెంట వచ్చాడు. ఈదమ్మ కంచె లోపల ఒక గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. అవ్వ పోయి పక్కన కూర్చుంది.  రామచంద్రయ్య కంచె అవతలే నిలబడ్డాడు.

"మాట తప్పిన ఈదమ్మా" అన్నాడు. "నీకు మంచి జరుగుతదనుకున్న."

ఆమె ముఖం తిప్పకుండానే అంది. 

"జొన్నలు దించు. పిల్లలు ఆకలితోని ఉన్నరు. నాతోని ఇంక మాట్లాడకు."

అతను బస్తాలు తానే మోసి దించాడు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు తాలూకా కచేరీ చుట్టూ తిరిగాడు. చెంచులను తిరిగి గుట్టల మీదికి పోనివ్వమని అర్జీలు రాయించాడు. సాక్షిగా సంతకాలు పెట్టాడు. తిట్లు కూడా తిన్నాడు. అర్జీల వల్లనో, పోరాటం ఆగిపోవడం వల్లనో 1952లో కంచె తీసేశారు. అతను తిరిగిన సంగతి ఈదమ్మకు చెప్పాలా అని మా అవ్వ చాలాసార్లు అనుకుంది. చివరికి చెప్పింది. ఈదమ్మ విన్నది. 

పెంటకు తిరిగి పోయేనాడు అవ్వ ఆమెతో గుట్ట ఎక్కింది. పదకొండు గుడిసెల్లో ఒక్కటీ నిలిచి లేదు. ఈదమ్మ కూలిన వాసాల మధ్య కాసేపు కూర్చుని, కొడవలి తీసుకుని గడ్డి కోయడానికి లేచింది. అవ్వ నాలుగు రోజులుండి, కప్పు కప్పుతుంటే గడ్డి మోపులు అందించి వచ్చింది.

ఆ తర్వాత ఈదమ్మ పద్నాలుగేళ్లు బతికింది. ఆమె పోయిన సంగతి మాకు నెల దాటాక, సంతకు జిగురు అమ్మవచ్చిన చెంచుల వల్ల తెలిసింది. మా అవ్వ సంత నుంచి ఏమీ కొనకుండా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, సావిత్రమ్మకు కబురు పంపింది.